‘వీక్ స్టూడెంట్’ అని ఎవరిని అంటున్నారు? అమీర్‌పేట చిన్న బడులు, ఎండాకాలం క్లాసులు, మన పిల్లల హక్కు

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగు అడుగులు వేస్తే చాలు, చేతిలో కరపత్రాలు పడతాయి. జావా, పైథాన్, టెస్టింగ్, స్పోకెన్ ఇంగ్లిష్. స్వర్ణజయంతి కాంప్లెక్స్ నుంచి ఆదిత్య ఎన్‌క్లేవ్ దాకా గోడలు కనిపించనన్ని బోర్డులు. చదువులో వెనకబడ్డానని అనుకున్న ఇంజినీరు ఇక్కడికి వచ్చి ఫీజు కట్టి మూడు నెలల్లో నేర్చుకుని పోతాడు. అతణ్ని ఎవరూ ‘మొద్దు’ అనరు, ‘కోర్సు చేస్తున్నాడు’ అంటారు.

అదే అమీర్‌పేటలో బీకే గూడ, బాపునగర్, ఎల్లారెడ్డిగూడ, బల్కంపేట గల్లీల్లో, పంజాగుట్ట దాటితే ఎర్రమంజిల్, ఎం.ఎస్. మక్తా వైపు ఉన్న పిల్లల సంగతి వేరు. ఆ హాస్టళ్లలో వంట చేసేవాళ్ల పిల్లలు, అపార్ట్‌మెంట్లలో బాసన్లు తోమేవాళ్ల పిల్లలు, రోడ్లు ఊడ్చే కార్మికుల పిల్లలు రెండు మూడు అంతస్తుల ఇళ్లలో నడిచే చిన్న ప్రైవేటు బడులకు పోతుంటారు. ఏప్రిల్‌లో ప్రోగ్రెస్ కార్డు ఇచ్చే రోజున తల్లిని పిలిచి చెప్పే మాట ఒక్కటే ఉంటుంది. ‘మీ బాబు వీక్ అమ్మా. సమ్మర్ క్లాసులకు పంపండి, ఫీజు వేరేగా ఉంటుంది.’ ఫీజు కట్టలేని తల్లి తల వంచుకుని వస్తుంది. బాబు తన పేరు పక్కన ‘వీక్’ అనే మాట మోసుకుంటూ వస్తాడు.

ఎండాకాలం బడి అవసరమా అంటే అవసరమే. మా వాదన దానికి వ్యతిరేకం కాదు. అది ఎవరికి, ఎలా, ఎవరి ఖర్చుతో జరగాలి అన్నదే ప్రశ్న. వెనకబడిన బిడ్డకు అదనంగా చెప్పడం బడి బాధ్యత. చట్టంలో రాసి ఉన్న బాధ్యత. దాన్ని బిడ్డ నేరంగానూ తల్లి అప్పుగానూ మార్చడం ఎలా జరుగుతోందో, దాన్ని ఎలా అడ్డుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాం.

మన చిన్న బడుల చరిత్ర

ఈ నగరంలో మన పిల్లల కోసం మొదట నడిచిన బడులు కూడా చిన్న ప్రైవేటు బడులే. సర్కారు పెట్టినవి కావు. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు, 1911లో మాన్య సంఘం స్థాపించారు. అంతకు ఏడాది ముందే, 1910లో, ఈసామియా బజార్‌లో అంటరానివాళ్లన్న పిల్లల కోసం బడి తెరిచారు. తర్వాత ఆ బడులు ఇరవైకి పైగా పెరిగాయి. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో ఆ బడులు పిల్లలకు ఇంటి భాషలో, తెలుగులో, చదువు చెప్పాయి. చివరికి ప్రభుత్వమే వాటిని తీసుకుని నడపాల్సి వచ్చింది. పుణెలో జోతిరావు ఫూలే, సావిత్రిబాయి ఫూలే 1848లో ఆడపిల్లలకు తెరిచిన బడి కూడా ఇలాంటి చిన్న ప్రయత్నమే.

ఆ బడులకు వచ్చిన ప్రతి బిడ్డకూ అదనపు సాయం కావాల్సిందే. ఇంట్లో అక్షరం చూసినవాళ్లు లేరు. అయినా వాళ్లను ‘వీక్’ అని విడదీయలేదు. బడి పుట్టిందే వాళ్ల కోసం. ఈ రోజు చిన్న ప్రైవేటు బడి ఆ పిల్లల ఫీజు తీసుకుంటుంది, వాళ్ల అవసరాన్ని మాత్రం లోపంగా చూస్తుంది. వందేళ్లలో వచ్చిన తేడా ఇది.

ఎండాకాలంలో ఏం పోతుంది?

తెలంగాణలో బడులకు సాధారణంగా ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు. జూన్ 12న మళ్లీ గంట మోగుతుంది. అంటే దాదాపు ఏడు వారాలు. కలిగిన ఇళ్లలో ఆ ఏడు వారాలు కూడా చదువే. స్విమ్మింగ్, చెస్, కథల పుస్తకాలు, ఊళ్లు తిరగడం, ఇంట్లో ఇంగ్లిష్ మాటలు. బస్తీలో ఒక్కగది ఇల్లు, పైన రేకు, మధ్యాహ్నానికి నలభై డిగ్రీలు. అమ్మ పనికి పోతే తమ్ముణ్ని చూసుకునేది పెద్దపిల్లే. పన్నెండేళ్లు దాటిన పిల్లగాడు మామ వెంట పెయింటింగ్ పనికో, మెకానిక్ షెడ్డుకో, ఫంక్షన్ హాల్లో క్యాటరింగ్‌కో పోతాడు. జూన్‌లో అందరూ వెనక్కి రారు.

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1982లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలను కార్ల్ అలెగ్జాండర్, డోరిస్ ఎంట్‌విజిల్, లిండా ఓల్సన్ ఏళ్ల తరబడి గమనించారు. బడి నడిచే నెలల్లో పేద పిల్లలు, కలిగిన పిల్లలు ఇంచుమించు ఒకే వేగంతో నేర్చుకున్నారని, వాళ్ల మధ్య దూరం పెరిగింది ఎక్కువగా వేసవి సెలవుల్లోనేనని వాళ్లు చెప్పారు. ఆ లెక్కలు పరీక్షల తయారీని బట్టి మారుతున్నాయని తర్వాత మరికొందరు పరిశోధకులు ప్రశ్నించారు. కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. కానీ బడి మూసి ఉన్న కాలం పేద బిడ్డకు ఎంత నష్టం చేస్తుందో కరోనాలో మనం కళ్లారా చూశాం. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2021లో ఐదు రాష్ట్రాల్లో 16,067 మంది ప్రభుత్వ బడి పిల్లలను పరిశీలిస్తే, 92 శాతం మంది ఏడాది క్రితం వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటి పోగొట్టుకున్నారు. గణితంలో ఆ సంఖ్య 82 శాతం. చదువు ముందుకు సాగకపోవడం ఒక నష్టం. వచ్చింది కూడా పోవడం రెండో నష్టం.

ఇంకొకటి అన్నం. సర్కారు బడిలో ఉన్న మధ్యాహ్న భోజనం సెలవుల్లో ఆగిపోతుంది. కరువు ప్రాంతాల్లో వేసవిలో కూడా పిల్లలకు భోజనం పెట్టాలని ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004లో ఆదేశించింది. ప్రైవేటు బడి బిడ్డకైతే ఏడాది పొడుగునా ఆ భోజనం లేదు. వేసవి క్లాసు గురించి మాట్లాడేటప్పుడు కడుపు సంగతి వదిలేస్తే సగమే మాట్లాడినట్టు.

‘వీక్’ అనే ముద్ర ఎక్కడ తయారవుతుంది?

చదవలేకపోవడం మన పిల్లల ఒక్కరి సమస్య అయితే వేరే మాట. 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 48.8 శాతమే. అంటే సగానికి పైగా చదవలేరు. తరగతిలో సగం మంది చదవలేకపోతే లోపం బోధనలో ఉన్నట్టు. కానీ ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్ర సిరా పడేది బిడ్డ పేరు పక్కనే.

ఆ సిరాకు కులం తెలుసు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారి ఆటలు ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు దళిత పిల్లలు, పైకులాల పిల్లలు సమానంగా చేశారు. అందరి ముందూ తండ్రి పేరు, కులం చదివి వినిపించాక అదే ఆటలో దళిత పిల్లలు వెనకబడ్డారు. పిల్లలు మారలేదు, మెదళ్లు మారలేదు. గదిలో గాలి మారింది. ఇంకో ప్రయోగంలో రెమా హన్నా, లీ లిండెన్ పరీక్ష పేపర్ల మీద పిల్లల కులం వివరాలను ఇష్టమొచ్చినట్టు మార్చి టీచర్లతో దిద్దించారు. జవాబులతో సంబంధం లేకుండా, తక్కువ కులమని రాసి ఉన్న పేపర్లకు మార్కులు తగ్గాయి. తేడా చిన్నదే. కానీ పదేళ్ల బడి చదువులో అలాంటి చిన్న తేడాలు ఎన్నిసార్లు పడతాయో లెక్కేసుకోండి.

అందుకే ‘వీక్ స్టూడెంట్స్ బ్యాచ్’ అనగానే మేము ముందు అడిగే ప్రశ్న, ఆ జాబితా ఎలా తయారైంది అని. ప్రతి బిడ్డనూ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి చదివించి చూశారా? లేక మార్కుల మీద, మురికి యూనిఫాం మీద, ఫీజు బకాయి మీద, వెనక బెంచీ మీద తేల్చేశారా? నగరంలో ఏ, బీ, సీ అని సెక్షన్లు చేసే బడుల్లో చివరి సెక్షన్‌లో ఎవరి పిల్లలు కూర్చుంటున్నారో ఒకసారి లోపలికి వెళ్లి చూస్తే సగం సమాధానం దొరుకుతుంది.

ప్రైవేటు అనగానే మంచిదా?

పొట్ట కట్టుకుని ప్రైవేటు బడికి పంపే తల్లిదండ్రులను మేము తప్పుపట్టం. ఇంగ్లిష్ కావాలి, గౌరవం కావాలి, సర్కారు బడిలో టీచర్ల కొరత ఉంది. ఆ ఆశ న్యాయమైనదే. కానీ ఫీజు కట్టినంత మాత్రాన చదువు వస్తుందా అన్నదాని మీద మన నేల మీదే జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో పేద పిల్లలకు లాటరీ తీసి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో ఆ పిల్లలకూ సర్కారు బడిలోనే ఉన్న పిల్లలకూ తేడా కనిపించలేదు. సర్కారు బడిలో నేర్పని హిందీలో మాత్రం మెరుగయ్యారు. ప్రైవేటు బడి బిడ్డ మీద పెట్టే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు లోపే అని కూడా అదే అధ్యయనం చెప్పింది.

ఆ తక్కువ ఖర్చు ఎక్కడి నుంచి వస్తోంది? టీచరమ్మ జీతం నుంచి. చాలా చిన్న బడుల్లో పది నెలలకే జీతం, ఎండాకాలం ఖాళీ. ఆమె కూడా తరచుగా మన వాడ నుంచి, మన పక్క గల్లీ నుంచి వచ్చిన అమ్మాయే. సమ్మర్ క్లాసు అనగానే ఆమెకు అది జీతం దొరికే ఒకే దారి. తల్లి దగ్గర వసూలు చేసే ఫీజు, టీచరమ్మకు అందని జీతం, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఈ సమస్య అర్థం కాదు. బిడ్డ తల్లినీ టీచరమ్మనూ ఎదురెదురుగా నిలబెట్టే పోరాటం మనకు వద్దు.

చట్టం ఏమంటోంది?

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. దీని గురించి మాట్లాడితే అందరూ 25 శాతం సీట్ల దగ్గరే ఆగిపోతారు. నిజమే, సెక్షన్ 12 ప్రకారం ప్రైవేటు బడి ఒకటో తరగతిలో కనీసం నాలుగో వంతు సీట్లు బడుగు, పేద కుటుంబాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. సుప్రీంకోర్టు 2012లో దాన్ని సమర్థించింది. తెలంగాణలో ఏళ్ల తరబడి అది కాగితం మీదే ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2022 తర్వాతే అమలు మొదలైంది. కానీ మన అంశానికి కావాల్సిన సెక్షన్లు వేరే ఉన్నాయి.

సెక్షన్ 24 టీచరు విధులు చెబుతుంది. ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేయాలి, అవసరమైతే అదనంగా బోధించాలి అని అందులో ఉంది. ఇది ప్రైవేటు బడికి కూడా వర్తిస్తుంది. అంటే అదనపు బోధన బడి అమ్ముకునే సరుకు కాదు, ఇప్పటికే కట్టిన ఫీజులో భాగం. సెక్షన్ 28 టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. పగలు క్లాసులో చెప్పనిది సాయంత్రం ఫీజు తీసుకుని చెప్పే అలవాటును ఆపడానికే అది పెట్టారు. సెక్షన్ 17 కొట్టడాన్నే కాకుండా మానసిక వేధింపును కూడా నిషేధించింది. అందరి ముందు ‘మొద్దు’, ‘డల్’, ‘వేస్ట్’ అనడం, వీక్ బ్యాచ్ జాబితా గోడకు అంటించడం ఆ కిందికే వస్తాయని మేము వాదిస్తాం. సెక్షన్ 29 బిడ్డకు భయం, ఆందోళన లేకుండా చదువు చెప్పాలని, వీలైనంతవరకు మాతృభాషలో చెప్పాలని కోరుతుంది.

2019లో చట్టాన్ని సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పిన బిడ్డను అదే తరగతిలో ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. అయితే అలా ఆపే ముందు ఆ బిడ్డకు అదనపు బోధన ఇవ్వాలి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష రాయనివ్వాలి అని అదే సవరణలో ఉంది. ఆ రెండు నెలలు ఏవి? సరిగ్గా ఎండాకాలం సెలవులే. ఏ రాష్ట్రం పిల్లల్ని ఆపే నిబంధన తెచ్చినా, దానితోపాటు ఉచిత వేసవి బోధన తేవాల్సిందే. బోధన ఇవ్వకుండా ఫెయిల్ చేస్తే అది చట్టాన్ని సగం కోసి వాడుకోవడం.

ఇక ఎస్సీ పిల్లల ఫీజు ప్రభుత్వమే కట్టే బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం ఉంది. మన పిల్లలు ప్రైవేటు బడిలో అడుగుపెట్టే దారుల్లో అదొకటి. 2025లో బకాయిలు రాలేదని కొన్ని బడులు ఆ పిల్లల్ని లోపలికి రానివ్వకపోతే తల్లిదండ్రులు రోడ్డెక్కాల్సి వచ్చింది. సర్కారు బాకీ పడితే బిడ్డ గేటు బయట నిలబడాలా? ఇలా నెలల కొద్దీ పాఠాలు పోయిన పిల్లలే తర్వాత ‘వీక్’ జాబితాలో కనిపిస్తారు.

నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలు

అదనపు సాయం కావాల్సిన పిల్లలందరూ ఒకే రకం కాదు. కొందరికి పునాది పడలేదు. కొందరికి కళ్లు సరిగా కనబడవు, చెవులు సరిగా వినపడవు. అది ఎవరూ చూడలేదు. సర్కారు బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చిన్న ప్రైవేటు బడి గడప తొక్కదు. బోర్డు మీద అక్షరాలు కనబడని బిడ్డకు వంద గంటల ట్యూషన్ కంటే మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఒక్కసారి పోయి రావడం ఎక్కువ మేలు చేయవచ్చు. చెవుల సంగతికి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది.

ఇంకొందరికి డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్క్యులియా లాంటివి ఉంటాయి. తెలివి ఉంటుంది, అక్షరాలో అంకెలో చిక్కుపడతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇవి ఉన్నాయి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లాంటి వెసులుబాట్లు అడగవచ్చు. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ సినిమా చూసి దేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. అందులో బిడ్డ మధ్యతరగతి ఇంటివాడు. అదే ఇబ్బంది బస్తీ బిడ్డకు ఉంటే ‘వీళ్లకు చదువు అబ్బదు’ అని కులం లెక్కలో రాసేస్తారు. ప్రైవేటు క్లినిక్‌లో పరీక్షలకు వేలు అడుగుతారు కాబట్టి ఆ తల్లి అక్కడికి పోదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ 1984 నుంచి ఉంది. మేధోవైకల్యం ఉన్న పిల్లల కోసం పనిచేసే సంస్థ అది. ఇంత దగ్గర్లో ఉన్నా దాని పేరు మన బస్తీల్లో ఎందరికి తెలుసు? ఆ దారి చూపించడం కార్యకర్తలుగా మన పని.

పని చేసిన వేసవి బడులు

ఎండాకాలం బడి ఎలా నడిస్తే పిల్లలు నిలబడతారో తెలుగు నేలకు కొత్త విషయం కాదు. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జీతాలున్న పిల్లలను, పత్తి చేలలో, పశువుల వెంట ఉన్న పిల్లలను బడికి తెచ్చింది. నేరుగా తరగతిలో పడేస్తే పదేళ్ల బిడ్డ ఆరేళ్ల పిల్లల మధ్య సిగ్గుతో పారిపోతాడు. అందుకని శిబిరాలు పెట్టి, కొన్ని నెలలు వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి పంపేవాళ్లు. వాటినే బ్రిడ్జి కోర్సులన్నారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వాళ్ల సూత్రం. ‘ఈ బిడ్డకు చదువు రాదు’ అనే మాటకు అక్కడ చోటే లేదు. 1990ల చివర్లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇదే పద్ధతిని తీసుకుని, సెలవులకు ఖాళీ అయ్యే సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో వేసవి శిబిరాలు నడిపింది. హాస్టల్, వంటమనిషి, పళ్లెం, గది అన్నీ ఉన్నాయి. కావాల్సింది బుద్ధి ఒక్కటే.

తర్వాత తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలు ‘సమ్మర్ సమురాయ్’ పేరుతో వేసవి శిబిరాలు పెట్టాయి. చదువుతో పాటు ఆటలు, సంగీతం, ఈత, గుర్రపు స్వారీ. మన పిల్లలకు వేసవి అంటే వెనకబడిన పాఠం మాత్రమే కాదని, కలిగినవాళ్ల పిల్లలకు ఉన్న ఆనందం కూడా అని ఆ శిబిరాలు చెప్పాయి. 2014 మే 25న, అదే ఎండాకాలం సెలవుల్లో, సంక్షేమ గురుకుల విద్యార్థులు మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు.

బిహార్‌లో 2008 జూన్‌లో ప్రథమ్ సంస్థ, ప్రభుత్వం కలిసి నెల రోజుల వేసవి శిబిరాలు పెట్టాయి. చెప్పింది ప్రభుత్వ టీచర్లే. పిల్లలను తరగతిని బట్టి కాకుండా ఎంతవరకు చదవగలరో దాన్ని బట్టి కూర్చోబెట్టారు. ఆ కొద్ది వారాల్లోనే చదవడంలో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. అదే శిక్షణ, అదే సామగ్రి మామూలు బడి రోజుల్లో ఇస్తే పెద్దగా ఫలితం లేదు, ఎందుకంటే అక్కడ టీచరు సిలబస్ వెంట పరుగెత్తాలి. మన దగ్గర 2022లో మొదలైన తొలిమెట్టు కూడా సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు పునాది చదువు కోసం పెట్టిందే. చిన్న ప్రైవేటు బడులు మాత్రం దాని పరిధిలోకి రావు.

అమీర్‌పేటలో ఎలా ఉండాలి?

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే ఒక చిన్న బడి నలభై రోజుల వేసవి చదువును ఇలా నడపవచ్చు.

పొద్దున ఏడున్నరకు మొదలై పదిన్నరకు ముగియాలి. ఎండ ముదిరాక పిల్లల్ని రేకుల గదుల్లో కూర్చోబెట్టకూడదు. సెలవుల్లో క్లాసులు పెట్టవద్దని విద్యాశాఖ చెబుతుంది కాబట్టి ఇది సిలబస్ ముందుగా లాగించే క్లాసు కాకూడదు. కొత్త తరగతి పాఠాలు మొదలుపెట్టి ఫీజు దండుకునే క్లాసుకూ, వెనకబడిన బిడ్డకు చేయూతకూ తేడా అధికారులకు కూడా చూపించగలగాలి.

మొదటి రెండు రోజులు పాఠం వద్దు. ప్రతి బిడ్డతో పది నిమిషాలు కూర్చోవాలి. అక్షరం, పదం, నాలుగు వాక్యాలు, చిన్న కథ, ఎక్కడిదాకా చదువుతున్నాడు? రెండంకెల తీసివేతలో అప్పు తెచ్చుకోవడం వచ్చా? భాగహారం వచ్చా? దాన్ని బట్టి గుంపులు చేయాలి. నాలుగో తరగతి, ఆరో తరగతి పిల్లలు ఒకే గుంపులో ఉన్నా పర్వాలేదు. గుంపుకు ‘వీక్’ అనో ‘సి’ అనో పేరు పెట్టకూడదు. పది రోజులకోసారి మళ్లీ చూసి పిల్లల్ని ముందుకు జరపాలి. ఎప్పటికీ కదలని గుంపు అంటే అది ఇంకో వెనక బెంచీయే.

ఇంగ్లిష్ మీడియం బిడ్డకైనా అర్థం ముందు తెలుగులో చెప్పాలి. ఇంట్లో మాట్లాడే యాసను వెక్కిరించకూడదు. ఉర్దూ, మరాఠీ, లంబాడీ మాట్లాడే పిల్లలుంటే ఆ మాటలూ గదిలో వినబడాలి. గుణింతాలు, ఒత్తులు రాని ఏడో తరగతి బిడ్డకు ఒకటో తరగతి బొమ్మల పుస్తకం ఇస్తే అవమానపడతాడు. అతని వయసుకు తగిన విషయం, తేలిక మాటల్లో ఉండాలి. మెట్రో స్టేషన్ల పేర్లు, సినిమా పోస్టర్లు, కిరాణా చిట్టీ, అమ్మ జీతం లెక్క, ఇవన్నీ పాఠాలే. భాగ్యరెడ్డి వర్మ, సావిత్రిబాయి, అంబేడ్కర్ బాల్యం కథలు కూడా చదవాలి.

టిఫిన్ పెట్టాలి. ఉప్మా అయినా, అరటిపండు అయినా. తమ్ముణ్ని చంకనెత్తుకుని వచ్చే పెద్దపిల్లను గేటు దగ్గర ఆపకూడదు. చిన్నవాళ్లకు ఒక మూల చాప వేస్తే ఆ అమ్మాయి చదువు నిలబడుతుంది.

టీచరమ్మకు ఆ నలభై రోజుల జీతం బడి ఇవ్వాలి. తల్లి దగ్గర అదనపు ఫీజు తీసుకోకూడదు. చిన్న బడికి నిజంగా స్తోమత లేకపోతే, ఆ భారం ఎస్సీ అభివృద్ధి శాఖ మోయాలని అడగడం మన డిమాండ్ కావాలి. కరోనా తర్వాత తమిళనాడు 2021లో ‘ఇల్లం తేడి కల్వి’ పేరుతో వాడవాడకూ వాలంటీర్లను పంపి సాయంత్రం క్లాసులు నడిపింది, వాళ్లకు నెలనెలా భృతి ఇచ్చింది. తమిళనాడు చేసింది మన రాష్ట్రం చేయలేదా?

మనం అడగాల్సినవి

‘సమ్మర్ క్లాసులకు పంపండి’ అన్న మాట వినగానే తల్లిదండ్రులు, వాళ్లతో వెళ్లే కార్యకర్తలు ఈ ప్రశ్నలు అడగాలి.

ఒకటి, మా బిడ్డకు ఏది వచ్చు, ఏది రాదు? ‘వీక్’ అంటే సరిపోదు, రాసి ఇవ్వండి.
రెండు, ఏడాది పొడుగునా ఇచ్చిన అదనపు బోధన ఏది? చట్టం చెప్పిన పని చేశారా?
మూడు, ఈ క్లాసుకు ఫీజు ఎందుకు? రశీదు ఇస్తారా?
నాలుగు, కళ్లు, చెవులు పరీక్ష చేయించమని ఎప్పుడైనా చెప్పారా?
ఐదు, జూన్‌లో మళ్లీ చూసి ఎంత మెరుగైందో చెబుతారా?
ఆరు, ఈ క్లాసుకు రాకపోతే పై తరగతికి పంపమని, టీసీ ఇస్తామని బెదిరిస్తున్నారా?

ఆరో ప్రశ్నకు జవాబు ‘అవును’ అయితే మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు పోవచ్చు. కులం పేరుతో దూషణ జరిగితే అది వేరే నేరం, దానికి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఫిర్యాదులో బిడ్డ పేరు బయటికి రాకుండా చూసుకోవడం మాత్రం మరచిపోవద్దు. జూన్ 12న ఆ బిడ్డ మళ్లీ అదే గేటులోంచి లోపలికి పోవాలి.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో మీలో వందల మంది ఉంటారు. జిల్లాల నుంచి వచ్చి, మన ఇళ్లలో మొదటి తరం డిగ్రీ పట్టుకుని కోచింగ్ తీసుకుంటున్నారు. మీకు వంట చేసే అక్క బిడ్డ మీ గదికి రెండు గల్లీల అవతలే ఉంటుంది. పొద్దున ఒక గంట ఆ బిడ్డతో కూర్చుని చదివించండి. అది బడి బాధ్యతను మనం నెత్తికెత్తుకోవడం కాదు. మనం కూర్చుని చూస్తేనే ‘ఈ బిడ్డకు వస్తుంది, మీరు చెప్పలేదు’ అని బడిని నిలదీసే ఆధారం మన చేతిలో ఉంటుంది.

పంజాగుట్ట చౌరస్తాలో అంబేడ్కర్ విగ్రహం కోసం మనం ఎంత కొట్లాడామో గుర్తుంది. 2019 ఏప్రిల్‌లో పెట్టిన విగ్రహాన్ని అధికారులు తొలగిస్తే ఊరుకోలేదు, 2023లో అక్కడ విగ్రహం నిలబడింది. ప్రతి ఏప్రిల్ 14న అక్కడ దండలు వేస్తాం. సరిగ్గా పది రోజులకు బడులకు సెలవులిస్తారు. తరగతి గదిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోబెట్టిన బిడ్డ పేరు మీద పండుగ చేసుకుంటున్న మనం, ఆ పది రోజుల్లో మన బస్తీలో ‘వీక్’ అని ముద్ర పడ్డ పిల్లల ఇళ్లకు పోయి, ప్రోగ్రెస్ కార్డు చూసి, బడికి వాళ్ల తల్లితో కలిసి వెళ్దాం. ఈ ఏప్రిల్ నుంచే మొదలుపెడదాం.